అత్త రోట్లో టైటానియం బంగారం

పరిశోధన చేసే వయసులో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. తను చేసే పని ఇంటిల్లిపాదికీ అర్థం కావాలనిపిస్తుంది, అర్థమైతే గొప్ప తగ్గిపోతుందేమోనని భయమూ ఉంటుంది. అనంతపురంలో నేను పరిశోధక విద్యార్థినిగా ఉన్న ఆ రోజుల్లో ఆ జబ్బు నాకు బాగా ముదిరింది. "ఏం చేస్తాండావు పాపా ఆడ?" అని చుట్టాలెవరడిగినా, "బంగారంలో వేరే లోహం కలిపి కరిగిస్తాండా" అని చెప్పి, వాళ్ల కళ్లు పెద్దవవుతుంటే చూసి ఆనందించేదాన్ని. (ఆ బంగారం ముక్కుపుడకకు కూడా చాలదని మాత్రం చెప్పేదాన్ని కాదు.)

మూడు పాళ్ల టైటానియం పరమాణువులకు ఒక పాలు బంగారం పరమాణువులు కలిపి, గాలి తగలకుండా విద్యుత్ మంటలో కరిగిస్తే శనగగింజంత ముద్ద తయారయింది. పసుపు ఛాయ ఏమాత్రం లేదు, స్టీలు చెంచా రంగులో ఉంది. విడివిడిగా రెండూ అంత గట్టివి కావు, కలిశాక మాత్రం ఆకురాయికి కూడా లొంగవు. నాకు పని నేర్పే మా సారు నల్లబల్ల మీద చదరపు గది గీసి చూపించేవారు. గది మూలల్లోనూ నట్టనడుమా బంగారం, ఒక్కో గోడకు రెండేసి టైటానియం పరమాణువులు. "గుంతకల్లు ప్యాసింజరులో పండగ రద్దీ చూసినావు కదా? ఎవరూ పక్కకు జరగలేరు. గట్టిదనమంటే అదే" అనేవారు. ఒంట్లో పెట్టినా శరీరం గొడవ చేయదు, తొందరగా అరగదు, అందుకే మోకాలి కీళ్లకు పనికొస్తుందని లోకంలో చెప్పుకుంటున్నారని కూడా అనేవారు.

లోపలి అమరిక సరిగ్గా అలాగే ఉందో లేదో ఎక్స్‌రేతో తేల్చాలి. దానికి పొడి కావాలి. మా ప్రయోగశాల కల్వంలో నూరితే కల్వమే అరిగింది. "ఎట్లన్నా పొడి చేసుకోనిరా. ఇంకో ముద్దకు మన దగ్గర బంగారం లేదు" అన్నారు సారు.

సెలవు దొరకగానే ముద్దను చిన్న డబ్బీలో వేసుకుని కణేకల్ దగ్గరి పల్లెలో ఉన్న మా మేనత్త ఇంటికి బస్సెక్కాను. శెనక్కాయల పొడి దంచడంలో ఆ వీధిలో అత్తకు ఎదురు లేదు. ఆమెను రెచ్చగొట్టి తమాషా చూడాలన్నది నా అసలు ఉద్దేశం.

"అత్తా, ఇది నీ చేత కాదులే."

అత్త ముద్దను వేళ్ల మధ్య తిప్పి చూసింది. "ఇదా బంగారం? సత్తుగిన్నె ముక్క మాదిరి ఉండాది. నా రోట్లో నలగనిది ఏముంటాదే?"

రోకలి ఎత్తి వేసింది. మళ్లీ వేసింది. రోకలి చివరున్న ఇనుప పొన్నుకు గుంట పడింది, రోట్లో రాయి పెచ్చు లేచింది. అత్తకు పట్టుదల వచ్చి కొంగు బిగించి బలమంతా పెట్టి వేసేసరికి ముద్ద టంగుమని ఎగిరి వాకిట్లో పడింది. రోకలి చప్పుడైతే గింజలు రాలుతాయని పొద్దుటినుంచీ అక్కడే కాచుకున్న మచ్చల పెట్ట ఒక్క గెంతులో వచ్చి గుటుక్కున మింగేసింది.

నేను పెట్ట వెంటపడ్డాను. మామ మాత్రం మంచం మీంచి లేవకుండానే, "కోస్తే సరిపాయ. మజ్జానానికి కూర గూడా అయితాది" అన్నాడు.

"దాని మీద కత్తి పెడితే నేను పుట్టింటికి పోతా" అంది అత్త. (అత్త పుట్టిల్లంటే మా ఇల్లే. ఆ బెదిరింపు మామకంటే నాకే ఎక్కువ తగిలింది.)

చివరకు పెట్టను బుట్టలో పెట్టుకుని ఇద్దరం అనంతపురం పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాం. బస్సులో కండక్టరు కోడికి టికెట్టు అడిగితే, "అది నా ఒళ్లో కూర్చోనుండాది, నీ సీట్లో కాదప్పా" అంది అత్త.

"ఏం మింగింది?" అన్నాడు డాక్టరు.

"టైటానియం, బంగారం కలిసిన అంతర్లోహ సమ్మేళనం సార్."

"పేరొద్దమ్మా, సైజు చెప్పు."

బంగారం అన్న మాట వరండాలో అందరికీ వినపడింది. మడకశిర వైపునుంచి పొట్టేలును తోలుకొచ్చిన ఒకాయన అత్త పక్కన చేరి, "అక్కా, ఆ కోడి నాకియ్యి. ఈ పొట్టేలును తోలకపో" అన్నాడు. అత్త చూపు కోడి మీదనుంచి పొట్టేలు మీదికి నెమ్మదిగా జరగడం చూశాను. నా పరిశోధన అంతా ఆ చూపు మీద వేలాడుతోంది.

"ఏమన్నా రోగమా దీనికి?" అని అడిగింది అత్త.

"రోగమేం లేదక్కా. ఊరికే కడుపు కదిలి పారుకుంటాది."

అత్త బుట్టను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఎక్స్‌రే తీశారు. ముద్దకు తీయాల్సిన ఎక్స్‌రే కోడికి తీయించిన పరిశోధకురాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. పెట్ట మెడ కింది మేతసంచిలో తెల్లటి చుక్క స్పష్టంగా కనిపించింది. డాక్టరు మత్తు సూదేసి, చిన్న గాటు పెట్టి, ముద్దను తీసి స్టీలు పళ్లెంలో వేసి కుట్లేశాడు. నేను పళ్లెం వైపు పరుగెత్తాను. అత్త డాక్టరు చెయ్యి పట్టుకుని, "ఇంక గుడ్లు పెడతాది కదా సార్?" అంది. పెడుతుందన్నాడు.

మర్నాడు సారు భూతద్దంలో ముద్దను చాలాసేపు చూశారు. "దంచినావా?"

"దంచించినా సార్. పొన్నుకు గుంట పడింది."

సారు నవ్వి, "పొడంత స్పష్టంగా రాదు, అయినా సర్దుకుందాం" అని ముద్దను ఉన్నదున్నట్టే యంత్రంలో పెట్టించారు. గది, గోడలు, మూలలు అన్నీ ఆయన చెప్పినట్టే తేలాయి. ఆ తర్వాత జరిగిన పరిశోధకుల సమావేశంలో ఎవరో, "ప్రాణం ఉన్న జీవిలో పెట్టి చూశారా?" అని అడిగితే, జవాబు నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను. నా పరిశోధన గ్రంథాన్ని ఇంతవరకూ నా దగ్గర చదివే పిల్లలెవరూ తెరిచి చూసినట్టు లేదు. పల్లెలో మాత్రం అత్త ఆ ఎక్స్‌రే రేకును కిటికీ అద్దానికి అతికించింది. వచ్చినవాళ్లందరికీ ఆ చుక్క చూపించి, "మా పాప చేసిన బంగారం" అని చెబుతుంది. పోయినసారి నేనూ వాళ్లతోపాటు నిలబడి, మొదటిసారి వింటున్నదానిలా కథంతా విన్నాను. అత్త చెప్పే కథలో ఆ పిల్ల నాకంటే చాలా తెలివైనది. నేనేమీ దిద్దలేదు.