కొట్టం గోడకు గులాబి రంగు

ఛీ! ఆ గోడ యాదికొస్తే ఇప్పటికీ నాకు ఉమ్మెయ్యాలనిపిస్తది. పైన పటారం లోన లొటారం అంటరు సూడు, అచ్చం గట్లనే.

గౌలిపురల మా తల్లిగారిల్లు పాతది, ఇటుకలు సున్నంతోని కట్టింది. ఎనుక అర్ర ఒకప్పుడు బర్ల కొట్టం. మా బాపు పాల యాపారం బంద్ జేసినంక దాన్ని అర్ర జేసిండ్రు గానీ, గోడ మాత్రం కొట్టం గోడనే. ఏండ్లకేండ్లు బర్ల ఉచ్చ తాగిన ఇటుకలు ఉప్పు కక్కుతనే ఉంటయి, ఏం పూసినా పొట్టు లేసి రాలుతది. గందుకే మా అమ్మ బోనాలు వస్తున్నయంటే చాలు, పాడైన ఇటుకలు తీపిచ్చి, కొత్తయి పెట్టిచ్చి, సున్నమే పూయిస్తుండె. సున్నమైతే చెమ్మను బయటికి ఇడుస్తది. సిమెంటు పూస్తే చెమ్మ లోపల్నే ఉండి ఇటుకను తింటది. ఈ సంగతి ఆ ఇంట్ల పుట్టినోల్లకు ఎవ్వరికీ కొత్తగాదు.

ఇప్పుడు ఆ ఇంట్ల మా తమ్ముడుంటడు. ఆయన బిడ్డకు తొలి కాన్పు. పురుడు తల్లిగారింట్లనే పొయ్యాలె గదా, పిల్లను తోలుకొచ్చిండ్రు. బాలింతకు, పసిగుడ్డుకు ఎనుక అర్ర ఖాయం జేసిండ్రు. ఆ అర్ర దూలం ఒక కొస కొట్టం గోడ మీదనే ఆనుతది, ఉయ్యాల గట్టాల్సింది ఆ దూలానికే. గోడకేమో చెయ్యి పట్టేంత నెర్రె. బాగు జేసే పని తమ్ముడు ఎవరికిచ్చిండు? ఆయన బామ్మర్దికి. పేరుకు కంట్రాక్టరు. కాదంటే మరదలు మూతి ముడుచుకుంటది, ఇంక ఇంట్ల రోజూ లొల్లే.

రంగులేసినంక నన్ను పిలిచిండ్రు, చూసి మెచ్చుకోమని. నేను కంచన్‌బాగ్ దిక్కు ఒక కార్ఖానల మాల్ చెక్ జేసే నౌకరి జేసినదాన్ని. ఏదన్న ముంగట పెడితే తట్టి చూడకుంట ఊకుండలేను.

"ఎట్లుంది వదినా మావోని పని? హోటల్ రూము లెక్క లేదూ?" అన్నది మరదలు, చాయ్ చేతికిచ్చుకుంట.

తాళంచెవుల గుత్తితోని గోడను తట్టిన. ఒక కొసకు గట్టిగనే పలికింది. నెర్రె ఉన్న కాడికొచ్చేసరికి ఎండిన సొరకాయ బుర్రను తట్టినట్టు డొల్ల. బయటికి పోయి మిగిలిన ఇటుకలు రెండు తీసుకొని ఒకదాన్నొకటి కొట్టిన. మంచి ఇటుకైతే ఖంగుమనాలె. ఇవి దబ్బుమని నా చేతుల్నే ముక్కలైనయి. ఇసుక అరచేతుల రాస్తే ఎర్రమన్ను అంటింది.

"గోడకు నీళ్లన్న కొట్టిండ్రారా?" అని తమ్ముణ్ని అడిగిన.

"నల్లా రాలే అక్కా."

"రాకుంటే పని ఆపాలె. సున్నం గోడకు సిమెంటు పూయమని ఎవడు చెప్పిండు? అమ్మ ఏం జేసేదో నువ్వు సూడలేదా?"

మరదలు అందుకుంది. "ఇంక సున్నం ఎవరు వాడుతుండ్రు వదినా? జమానా మారింది. నీకు మావోల్లు ఏం జేసినా కండ్లకు ఆనదు. మావోడు మస్తు ఇండ్లు కట్టిండు."

"కట్టిండు సరే, అండ్ల మనుషులున్నరా?" అన్న.

"పోనీ తియ్యక్కా," అన్నడు తమ్ముడు. "చుట్టపోల్లు. మాటలొస్తే మంచిగుంటదా?"

నాకు మండిపోయింది. మూలకు మేస్త్రీ మరిచిపోయిన సుత్తి ఉండె. తీసుకొని డొల్ల పలికిన కాడ ఒక్కటి ఇచ్చిన. గులాబి రంగుతోని సహా పెద్ద పెచ్చు ఊడి కిందవడ్డది. పాడైన ఇటుకలు తీసిండ్రు గానీ కొత్తయి పెట్టలే. ఖాళీ సిమెంటు సంచులు ఉండలు జుట్టి కుక్కిండ్రు. వాటి నడుమ గుట్కా ప్యాకెట్లు, ఎవడో తిని పారేసిన బిర్యానీ బొక్కలు. థూ! ఆ కుళ్లు వాసనకు ముక్కు మూసుకొని పైకి చూస్తే, దూలం కొస కింద ఒక్క ఇటుక నిలబడి ఉన్నది, అది గూడ పలిగి.

తమ్ముడు గోడ దిక్కు సూస్తలేడు, నేల సూస్తున్నడు. నాకు అప్పుడు సమజైంది.

"నీకు ఎరుకేనా?"

"కుక్కేటప్పుడు నేను ఈడనే ఉన్న. పురుడు అయ్యేదాంక ఆగుతది, తర్వాత సూద్దాం బావా అన్నడు మా బామ్మర్ది." పెచ్చు ముక్కలను కాలుతోని మూలకు నూకుకుంట, "ఇది వానికి చెప్పకక్కా, ఫీలైతడు," అన్నడు.

ఏమన్నట్టు? మనిషేనా వీడు? మేమిద్దరం ఒక్క తల్లి పాలు తాగినమంటే నాకే రోత పుట్టింది.

పిల్ల ఎప్పుడొచ్చి గడపల నిలబడ్డదో, అంతా విన్నది. కడుపు మీద చెయ్యి పెట్టుకొని, "బాపూ, ఈ దూలం కింద పండేది నా బిడ్డనే గదా," అన్నది. గంతే. పిల్ల బట్టలు సర్దుకొని నా ఎంబడి ఆటో ఎక్కింది. పురుడు మా ఇంట్లనే పోసిన. ఆడబిడ్డనైన నేను తమ పరువు తీసిన అని మరదలు వాడంత చెప్పుకుంట తిరిగింది. తిరగనియ్, నాకేం ఫికర్ లేదు.

మొన్న ఆ గల్లీల నుంచి పోతుంటే ఎనుక అర్ర తలుపు తెరిచి ఉన్నది. కిరాయికిచ్చిండ్రు. గడపల ఒకామె బియ్యం ఏరుతున్నది, లోపల ఆమె పిల్లలు ఆ గోడకే ఆనుకొని ఆడుతున్నరు. సుత్తి దెబ్బ కాడ మళ్ల సిమెంటే పూసి, పైన కొత్త రంగేసిండ్రు. పూసింది ఎవరమ్మా అంటే, ఇంటోల్ల బామ్మర్దేనట. గోడలు మంచిగున్నయని ఆమె సంబురంగ చూపిచ్చింది.

కోపానికి నాకు ఒళ్లు తెల్వలే. తమ్ముణ్ని గల్లీలకు పిలిచిన.

"లోపల ఇటుకలు పెట్టిండ్రా, మళ్ల సంచులేనారా?"

"మెల్లగ మాట్లాడక్కా," అన్నడు. "మనోల్లు ఎవ్వరు లేరు గదా అండ్ల."

గడపల ఆ తల్లి ఆ మాట ఇని బియ్యం చాట కిందవెట్టి, లోపలికి పోయి, పిల్లలను రెక్కలు పట్టి బయటికి గుంజుకొచ్చింది.