మా అన్నకేమీ లేదన్న డాక్టరు

ఈ పొద్దున మా అన్న నల్లావును పితికి, పాలు ఇంట్లో పెట్టి, మళ్ళీ చెంబెత్తుకొని అదే ఆవు కింద కూచున్నాడు. అది ఎగిరి తన్నింది. ఈ నెలలో ఇది మూడోసారి. "వయసైంది, అంతే" అంటుంది మా వదిన. నేను వినలేదు, కడత్తూరులో బస్సెక్కించి ధర్మపురి డాక్టరు దగ్గరికి పిల్చుకొని పోయినాను.

మతిమరుపని నేను చెప్తే, ఆవులెన్ని అని డాక్టరు అన్నను అడిగినాడు. మా అన్న తొమ్మిదింటి పేర్లూ, వాటి తల్లుల పేర్లూ, ఏది ఏ సంతలో కొన్నదీ గడగడా చెప్పేసినాడు. డాక్టరు నావైపు తిరిగినాడు.

"పోయినేడు మూగవాడని ఒకణ్ణి తీసుకొచ్చి నన్ను ఏమార్చింది నువ్వే కదప్పా? ఈయనకేమీ లేదు, పో!"

బయటికొచ్చినాక అన్న నా భుజం పట్టుకొని మెల్లగా అడిగినాడు. "డాక్టరు ఏమన్నాడురా? నీ ఒంటికి ఏమైందంట?"

లోపలికి పరుగెత్తిపోయి ఈ మాట చెప్పినాను. డాక్టరు పడీపడీ నవ్వినాడు.

నిజం చెప్పేటప్పుడు నా ముఖం ఎట్లుంటుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. రేపు ఆ ముఖం పెట్టుకొని మళ్ళీ పోతాను.