మేరీ మాట్లాడించిన దయ్యం

చిన్నప్పుడు నాకు ఒకసారి దయ్యం పట్టింది... పట్టిందని తార్నాకలో మా వాకిలి వాళ్లంతా అన్నారు.

అప్పుడు ఎనిమిదో తరగతి. అమ్మ చనిపోయిన ఎండాకాలంలోనే చిన్నమ్మ నన్ను ఊరి నుంచి తీసుకొచ్చి ఇక్కడి బడిలో వేసింది. చిన్నాయన యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. ఒకే వాకిట్లో వరసగా పోర్షన్లు... మాది చివరిది. వచ్చినప్పటి నుంచి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఏదైనా అడిగితే తల ఊపేదాన్ని, అంతే.

ఒకరోజు బడి నుంచి క్యాంపస్ అడ్డదారిలో వస్తూ, సీతాఫలం చెట్ల మధ్య ఒక పెద్ద బండ మీద కూర్చున్నాను. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు. దీపాలు పెట్టే వేళకు చిన్నాయన సైకిలేసుకుని వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోయాడు.

ఇంటి ఓనరమ్మ నా మొహం చూసి తేల్చేసింది. "ఆ బండల కాడ ఏదో సోకింది పిల్లకు. అంబర్‌పేట్‌ల ఒకాయన తాయెత్తు కడ్తడు, తీస్కపోర్రి."

తాయెత్తు కట్టించారు. అయినా నేను మాట్లాడలేదు.

చిన్నాయనకు భయం పట్టుకుంది. కోపం కాదు... భయమే. "రేపు పిల్లకేమన్న అయితే దాని బాపుకు నేనేం జెప్పాలె? బతుకమ్మకు పోయినప్పుడు ఊర్లనే దించొద్దాం" అని చిన్నమ్మతో అంటుంటే విన్నాను.

మా ఊళ్లో బడి ఏడో తరగతి వరకే. వెనక్కి పోతే పత్తి చేనుకు పోవాల్సిందే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా నోరు తెరిచి వద్దనలేకపోయాను.

పక్క పోర్షన్లో మేరీ ఉండేది. నాకంటే ఒక తరగతి పైన. పొద్దంతా వాగుతూనే ఉండే పిల్ల. మరునాడు బడి నుంచి వస్తుంటే ఆ బండ దగ్గరే నన్ను ఆపి, ఒక వేపకొమ్మ విరిచి పట్టుకుంది.

"నిన్ను గాదు, నీలున్న దయ్యాన్ని అడుగుతున్న. ఎవరు నువ్వు? ఏ ఊరు? ఏం గావాలె నీకు?"

ఊళ్లలో అట్లాగే అడుగుతారు. పేరు అడిగి, ఊరు అడిగి, దయ్యం ఏది కోరితే అది ఇచ్చి సాగనంపుతారు. మేరీ వాళ్ల నానమ్మ ఊళ్లో చూసి నేర్చుకుందట.

"చెప్తవా, కొమ్మతోటి కొట్టాల్నా?"

"కొట్టు" అన్నాను.

కొమ్మ కింద పడేసింది. "అరే, మాట్లాడింది! మంచి దయ్యమే!"

నాకు నవ్వొచ్చింది. ఇక్కడికి వచ్చాక అదే మొదటిసారి. "మీరు చర్చికి పోతరు గద... నీకు దయ్యాలతోటి ఏం పని?" అని దయ్యంగానే అడిగాను.

"మా పాస్టరయ్య ప్రార్థన చేస్తే దయ్యాలు ఉరుకుతయంట. నువ్వు ఉరికితే బడి నుంచి నాకు తోడెవరుంటరు? చెప్పు, ఏం గావాలె?"

"పచ్చిపులుసు. నువ్వులు వేయించి, దంచి పోసింది."

అమ్మ అట్లా చేసేది. చిన్నమ్మ నువ్వులు వేసేది కాదు. అడిగితే ఆమె వంటకు వంక పెట్టినట్టు అవుతుందని నేను అడగలేదు. దయ్యానికి ఆ మొహమాటం లేదు.

తెల్లారి మేరీ టిఫిన్ డబ్బాలో పోసుకొచ్చింది.

"ఉల్లిగడ్డ ఎక్కువైంది" అంది దయ్యం.

"నోర్ముయ్. మా మమ్మీ పొద్దుగాల లేచి చేసింది. దయ్యానికి గిన్ని నకరాలా?"

ఇక రోజూ సాయంత్రం బండ మీద దయ్యం మాట్లాడేది. లెక్కల సారంటే భయమని చెప్పింది. బడిలో తన యాసకు నవ్వుతున్నారని చెప్పింది... అమ్మ గొంతు సరిగా గుర్తుకు రావడం లేదని కూడా ఒకరోజు చెప్పింది. ఆ రోజు ఇల్లు చేరేదాకా మేరీ నా చెయ్యి పట్టుకునే నడిచింది.

వాకిట్లోకి వచ్చాక మాత్రం నేను మళ్లీ మూగదాన్నే.

పండుగ దగ్గరికి వచ్చింది. చిన్నమ్మ నా బట్టలు సంచిలో సర్దుతోంది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. మేరీ వచ్చి గడపలో నిలబడింది.

"ఆంటీ, దయ్యాన్ని అడిగిర్రా, ఊరికి పోతదో పోదో?"

"ఏందే నీ లొల్లి..."

"అడుగుర్రి ఆంటీ. అడగకుండ పంపుడేంది?"

చిన్నమ్మ చేతిలో లంగా అట్లాగే పట్టుకుని నా వైపు తిరిగింది. ఏమనుకుందో ఏమో... "ఏం గావాలె నీకు?" అంది మెల్లగా.

"పోను" అన్నాను. "గీడనే ఉంట. చదువుకుంట."

బయట చెప్పులు విడుస్తున్న చిన్నాయన ఆగిపోయాడు. "ఎవరు మాట్లాడేది?"

మేరీ నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందే నేను అన్నాను... "నేనే చిన్నాయనా. దయ్యం గాదు."

ఆయన లోపలికి వచ్చి సంచి ముందు కూర్చున్నాడు. "మరి గిన్ని దినాలు ఏడ వోయినవ్ బిడ్డా?" అంటూ నా బట్టలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. మడతలన్నీ చెడిపోయాయి. చిన్నమ్మ వాటిని మళ్లీ మడతపెట్టుకుంటూ కూర్చుంది.

పండుగకు ముగ్గురం పోయాం, ముగ్గురం తిరిగొచ్చాం.

మేరీ ఇప్పుడు మౌలాలిలో ఉంటుంది. ఫోనెత్తగానే "ఏం చేస్తున్నవే దయ్యం?" అంటుంది. మొన్న మా బిడ్డ ఏదో నవల చదువుతూ, "అమ్మా, ఇందులో ఎవరితోనూ పడని పిల్లకు ఒక దయ్యం దోస్తయితది... ఏడనన్న అయితదా?" అని నవ్వింది. అప్పుడు చెప్పాను ఇదంతా.

ఇప్పుడు మేముండేది అపార్ట్‌మెంటు. ఎదురు ఫ్లాట్లో మా బిడ్డ వయసు పిల్ల ఒకతి ఉంది. లిఫ్టులో తల దించుకుని నిలబడుతుంది. ఎవరితోనూ మాట్లాడదో, మాతోనే మాట్లాడదో తెలియదు... వాళ్ల తలుపూ వేసే ఉంటుంది, మా తలుపూ వేసే ఉంటుంది. ఆ వాకిట్లో అయితే ఈపాటికి తప్పో ఒప్పో ఎవరో ఒకరు కలగజేసుకునేవాళ్లు.

మీరు మాట మానేసిన రోజుల్లో మీ పక్కన వచ్చి కూర్చున్నది ఎవరు? రాయండి... ఈ సాయంత్రం ఆ ఎదురింటి తలుపు తట్టి వచ్చాక, తీరిగ్గా కూర్చుని చదువుతాను.