ఆరు నుంచి ఏడు దాకా ఇంట్లో ఉండవలసిన అమ్మాయి

ఆ రోజు పొద్దున మా అమ్మాయి ఇంటి గుమ్మం ముందు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ వాచీ చూసుకుంటాను. జరిగి ఏడాది కావస్తోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఇంట్లో ఏ వస్తువూ పోలేదు. కానీ ఒక ఆడపిల్ల చదువు, ఉద్యోగం, భవిష్యత్తు అన్నీ కలిసిన ఆ ఒక్క ఆట మా వీధి తలుపు దగ్గర చేజారబోయింది. ఆ సమయంలో నా భార్య వంటింట్లో బియ్యం కడుగుతోంది.

మేం ఉండేది మెల్‌బోర్న్‌కు పడమట, ట్రుగనీనాలో. మా అమ్మాయి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. అల్లుడు ఆ వేసవంతా పని మీద పెర్త్‌లో ఉన్నాడు. జనవరిలో నగరంలో జరిగే పెద్ద టెన్నిస్ పోటీకి కొందరికి నేరుగా చోటు దొరుకుతుంది. మిగిలినవాళ్లు అంతకుముందు వారం మూడు అర్హత మ్యాచ్‌లు గెలవాలి. అలా గెలవడానికి వచ్చిన ఒక డచ్ అమ్మాయి మేడ మీద ఖాళీగా ఉన్న గదిలో దిగింది. అంతకుముందు ఎక్కడో చిన్న పోటీలో ఆమె భుజానికి మా అమ్మాయి వైద్యం చేసిందట, అక్కడ కలిసిన స్నేహం.

"నాన్నా, మొన్నమొన్నటిదాకా తనెవరో ఎవరికీ తెలీదు. ఇప్పుడు వాళ్ల కంట్రీలో నెక్స్ట్ ఎవరంటే తన పేరే చెప్తున్నారు. ఈ మూడూ గెలిస్తే లైఫే వేరు," అంది మా అమ్మాయి.

ఇరవై రెండేళ్లుంటాయేమో. గుమ్మం దాటడానికి కాస్త తల వంచాల్సినంత పొడుగు. మమ్మల్ని అంకుల్, ఆంటీ అని పిలవడం మా అమ్మాయే నేర్పింది. రాగానే చెప్పులు బయట విడవాలా అని అడిగి విడిచింది. ఆ ఒక్క పనికే నా భార్య ఆమెను సొంతం చేసేసుకుంది. ఆ తర్వాతే కష్టం మొదలైంది. ఆ పిల్ల మా ఇంట్లో ఏదీ తినదు. తన గుడ్లు, తన అన్నం తనే ఉడికించుకుంటుంది. మంచినీళ్ల సీసా బల్ల మీద పెట్టి పక్కకు వెళ్లిందంటే, తిరిగొచ్చాక ఆ నీళ్లు సింకులో పారబోసి కొత్త సీసా మూత తీస్తుంది.

ఒకరోజు ఆమె రెండుసార్లు తుమ్మింది. నా భార్య వెంటనే మిరియాల కషాయం కాచి తెచ్చింది.

"అమ్మా, తనకేమీ ఇవ్వకు. టెస్టులుంటాయి. దగ్గు మందులో ఏదైనా ఉన్నా కెరీర్ పోతుంది," అంది అమ్మాయి.

"నా కషాయంలో ఏముంటుందే, మిరియాలు తప్ప!"

"అది నీకు తెలుసు. వాళ్లకి తెలీదుగా."

"వాళ్లెవరు?"

అమ్మాయికి డ్యూటీ టైమైంది. వాళ్లెవరో చెప్పకుండానే వెళ్లిపోయింది.

మొదటి మ్యాచ్ గెలిచింది. రెండోది రాత్రి బాగా పొద్దుపోయేదాకా సాగింది, అదీ గెలిచింది. మూడోది మర్నాడు మధ్యాహ్నం. ఇంటికి వచ్చేసరికి ఆమె మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. అది చూసి నా భార్య ప్రాణం ఉసూరుమంది. పొద్దున ఎవరైనా వస్తే ఆ పిల్ల నిద్ర చెడుతుందని కాలింగ్ బెల్ స్విచ్ ఆపేసి పడుకుంది. మా పేటలో సోలార్ పలకలు, కరెంటు పథకాలు అమ్ముకునేవాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు బెల్లు కొడతారు మరి.

మా అమ్మాయి తెల్లవారకముందే ఆసుపత్రికి బయలుదేరింది. నేను ఎండ ముదరకముందు తిరిగొద్దామని ఆరింటికి కాస్త ముందుగా వాకింగ్‌కు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మా ఇంటి ఎదురుగా బూడిదరంగు కారు ఆగి ఉంది. లోపల ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. ఇద్దరూ ఫోన్లు చూడటం లేదు, మాట్లాడుకోవడం లేదు. ఇద్దరి కళ్లూ మా తలుపు మీదే ఉన్నాయి. ఆయన వాచీ చూసి అట్ట మీది కాగితంపై ఏదో రాశాడు.

నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. చెప్పకుండా వెళ్లి కొట్ల ముందు నిలబడటమే మా పని. కొట్టువాడు తలుపు తీసేదాకా జీపులో ఎలా కూర్చుంటామో నాకు తెలుసు. వీళ్లు సరిగ్గా అలాగే కూర్చున్నారు. అమ్మడానికి వచ్చినవాళ్లు అలా కూర్చోరు. మా అమ్మాయి ఇంటిమీదికి తనిఖీ ఎందుకొచ్చిందో అర్థం కాలేదు.

దగ్గరికి వెళ్లి ఎవరు కావాలని అడిగాను. ఆవిడ దిగి మెడలో కార్డు చూపించి, ఆ డచ్ అమ్మాయి పేరు చెప్పింది.

"ఉందిగా, ఇంట్లోనే ఉంది," అన్నాను.

"ఆరింటికి ఒక లేడీ తలుపు తీసి లేదన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టినా ఎవరూ తియ్యలేదు," అంది ఆవిడ, కోపం లేకుండా. తర్వాత ఒక్క మాట అంది: "ఆమెకు ఏడు దాకా టైముంది."

ఏడు కావడానికి ఇక కొద్ది నిమిషాలే ఉన్నాయి. గడువు చెప్పిన అధికారి గడువు దాటాక ఏమీ వినడు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు! లోపలికి పరుగెత్తాను.

"ఆ పిల్ల లేదని చెప్పావా?"

"చెప్పా," అంది నా భార్య బియ్యం కడుగు నీళ్లు వంపుతూ. "పొద్దున్నే ఎవడో మగాడు, పక్కన ఒకావిడ. పిల్ల పేరు పెట్టి అడిగారు. నో, నాట్ హోమ్ అని తలుపేశా. మళ్లీ మళ్లీ కొట్టారు, తియ్యలేదు."

"ఎందుకన్నావ్?"

"ఇదేం ప్రశ్నండీ! పెళ్లికాని పిల్ల ఇంట్లో ఉంటే, ముక్కూ మొహం తెలియనోళ్లొచ్చి అడిగితే, ఆఁ ఉంది, పైన పడుకుంది, వెళ్లి లేపుకోండి అంటామా? మన పిల్లప్పుడు ఎన్నిసార్లు అనలేదు అలా? మీరు మెచ్చుకున్నారు కూడాను."

"వాళ్లు గవర్నమెంటోళ్లలా ఉన్నారు. ముందు లేపాలి ఆ పిల్లని."

నేను మెట్ల వైపు తిరిగేసరికి చేయి పట్టుకుని ఆపింది. "మీరెక్కడికండీ? పడుచుపిల్ల పడుకున్న గది! నేను వెళ్తా."

"నీ మోకాళ్లతో నువ్వెక్కేసరికి ఏడవుతుంది!"

ఆ పిల్ల వచ్చాక నేను మేడ ఎక్కలేదు. ఎక్కకూడదని ఎవరూ చెప్పలేదు, ఎక్కలేదంతే. ఆ పొద్దున ఎక్కాను. తలుపు కొడితే పలకలేదు. రోడ్డు మీద గోడౌన్లకు వెళ్లే లారీల చప్పుడుకు ఆమె చెవుల్లో ఏవో బిరడాలు పెట్టుకుని పడుకుంటుంది. రెండు చేతులతో బాదాను. తలుపు తీసింది. కింద ఇద్దరు ఉన్నారని, మెడలో కార్డులున్నాయని, ఏడు దాకా అన్నారని చెప్పాను.

అంతకుముందు రాత్రి టీవీలో చూసిన మనిషేనా ఈమె అనిపించింది. ఒక్క పాయింటు తప్పితే ఓడిపోయే చోట, బంతి రెండుసార్లు నేలకు కొట్టి తాపీగా సర్వ్ చేసిన పిల్ల. ఇప్పుడు నన్ను భుజంతో పక్కకు నెట్టి, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ, వట్టి కాళ్లతో, పడుకున్న బట్టలతో వీధిలోకి పరుగెత్తింది. కారు ముందుకు వెళ్లి రెండు చేతులూ బానెట్ మీద ఆన్చి తన పేరు తనే అరిచి చెప్పింది. మళ్లీ చెప్పింది. ఎదురింటాయన చెత్తబుట్ట లాక్కెళ్తూ ఆగిపోయి చూశాడు.

కారులో ఆయన వాచీ చూసుకున్నాడు. "గుడ్ మార్నింగ్. టైముకే వచ్చావు," అన్నాడు.

తర్వాత వాళ్లు మా భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. నా భార్య కాఫీ పెట్టింది. ఇద్దరూ వద్దన్నారు, మంచినీళ్లు కూడా వద్దన్నారు. నా భార్య నొచ్చుకుంది గాని, అది నాకు కొత్త కాదు. కొట్లో నేనూ ఎప్పుడూ ఏదీ ముట్టుకోలేదు. కొత్తేమిటంటే, మేం తూకపు రాళ్లు పట్టుకెళ్లి తక్కెడను తూచేవాళ్లం. వీళ్లు మనిషిని తూచడానికొచ్చారు. ఆ పిల్ల లేచి స్వెట్టరు తెచ్చుకోవడానికి వెళ్తే వచ్చినావిడ వెంట వెళ్లింది. బాత్రూముకు వెళ్తే అక్కడికీ వెళ్లింది.

"ఏమండీ! ఆవిడ కూడా లోపలికెళ్లిందండీ!" అని నా భార్య నా చొక్కా పట్టుకుంది.

"చూశా."

"తలుపు కూడా వేసుకోలేదు! ఏం పాపం చేసిందండీ ఆ పిల్ల?"

నేను అటు చూడకుండా వీధి వైపు తిరిగి కూర్చున్నాను.

అంత భయపడ్డాక శరీరం మాట వింటుందా? పరీక్షకు కావలసిన మూత్రం రాక వట్టి చేతులతో తిరిగొచ్చింది. మూత తియ్యని సీసా ఒకటి తీసి నీళ్లు తాగుతూ కూర్చుంది. ఆ కూర్చున్న సమయంలోనే, నేను అడిగితే, నెమ్మదిగా చెప్పింది. ఆమె స్థాయి ఆటగాళ్లు ప్రతిరోజూ ఏ ఊళ్లో, ఏ ఇంట్లో నిద్రపోతారో ముందే ఫోన్‌లో నమోదు చెయ్యాలి. రోజులో ఒక గంట ఎన్నుకుని, ఆ గంటలో చెప్పిన చోట దొరకాలి. ఆ గంటలో ఎవరైనా రావచ్చు, నెలలపాటు రాకపోవచ్చు. ఆమె ఎన్నుకున్న గంట ఆరు నుంచి ఏడు. ఏడాదిలో మూడుసార్లు దొరక్కపోతే, నిషేధించిన మందులు వాడినవాళ్లకు పడినట్టే శిక్ష పడుతుంది. రెండేళ్లు కూడా ఆడనివ్వకపోవచ్చు. ఆమె ఇప్పటికే రెండుసార్లు దొరకలేదు. ఒకసారి విమానం రద్దయింది, ఇంకోసారి హోటలు మారి ఫోన్‌లో మార్చడం మరిచిపోయింది.

"ఇది మూడోది అయ్యేది," అంది.

వచ్చిన రోజే ఈ సంగతి మా అమ్మాయికి చెప్పిందట. ఎవరైనా వస్తే తలుపు తియ్యమని అమ్మకు చెప్తానన్న మా అమ్మాయి, డ్యూటీల్లో పడి మరిచిపోయింది.

ఇదంతా నా భార్యకు తెలుగులో చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి నేల మీద కూర్చుంది. "నా నోటిమాటతో పోయేదా?" అంది. ఆ పిల్ల చేతులు రెండూ పట్టుకుంది.

ఆ పిల్ల ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నాను. సూటిగా కళ్లలోకి చూసి, "ఆంటీ, తలుపు దగ్గర అబద్ధం చెప్పకూడదు," అంది. గొంతులో కోపం లేదు. అలమర ఎక్కడుందో చెప్పినంత మామూలుగా అంది.

"ఏవంటోందండీ?"

అనువదించక తప్పలేదు.

"నేను అబద్ధమాడానా!" నా భార్య నా వైపు తిరిగింది. నలభై ఏళ్లు పైబడిన కాపురంలో ఆవిడను ఎవరూ ఆ మాట అనలేదు. "పిల్లని కాపాడుకోవడం అబద్ధమా? చెప్పండి దానికి! మా ఇళ్లల్లో అలాగే అంటామని చెప్పండి!"

చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "నాకు అర్థమైంది. అయినా చెప్పకూడదు," అంది.

నా భార్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి విప్పి చాలాసేపు కట్టెయ్యలేదు.

ఎట్టకేలకు పరీక్ష అయింది. వచ్చినవాళ్లు సీసాలకు సీళ్లు వేసి, సంతకాలు చేయించుకుని వెళ్లారు. ఆ పిల్ల సరిగా నిద్రలేని కళ్లతో, మూడోసారి ఆడటానికి వెళ్లింది. మేమిద్దరం టీవీ ముందు కూర్చున్నాం. మొదటి సెట్టు చేజార్చుకుంది. సర్వీసులు వరసగా నెట్‌కు తగులుతుంటే నా భార్య తగిలినప్పుడల్లా కళ్లు మూసుకుంది. ఎప్పుడు కోలుకుందో తెలియదు, రెండో సెట్టు గెలిచింది, మూడోదీ గెలిచింది. గెలిచాక అందరిలా చేతులెత్తలేదు. బెంచీ మీద కూర్చుని తల మీద తువ్వాలు కప్పుకుంది. అది చూసి నా భార్య భోరున ఏడ్చింది.

సాయంత్రం మా అమ్మాయే ఆమెను కారులో తీసుకొచ్చింది. దారిలో విషయమంతా విన్నట్టుంది, మొహం వేలాడేసుకుని వచ్చింది. పెద్ద పోటీలోకి వెళ్లినవాళ్లకు హోటలు గది ఇస్తారట. ఆ పిల్ల ఆ రాత్రికే మారిపోతానంది.

"ఒక్క రాత్రి ఉండి పొద్దున్నే వెళ్లమనవే," అంది నా భార్య అమ్మాయితో. "నేను గుమ్మంలోనే కూర్చుంటా, ఎవరొచ్చినా తీస్తా."

అమ్మాయి ఆ మాట చెప్పింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఆంటీ మంచివారు. నాకు తెలుసు. కానీ ఇక్కడ నాకు నిద్ర పట్టదు," అంది.

ఫోన్ తీసి మా చిరునామా ఉన్న చోట హోటలు చిరునామా వేసుకుంది. బొటనవేలితో రెండుసార్లు తాకింది, అంతే. తప్పు పట్టాలని మనసులో వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ఆమె స్థానంలో మా అమ్మాయి ఉంటే నేనూ అదే చెయ్యమని ఉండేవాణ్ణి.

వెళ్లేముందు వంగి నా భార్యను గట్టిగా కౌగిలించుకుంది. ఆవిడ తల ఆ పిల్ల గుండెల దాకా వచ్చింది. కారు మలుపు తిరిగాక కూడా ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు.

"అక్కడ పొద్దున్నే వాళ్లొస్తే తలుపెవరు తీస్తారండీ?" అంది.

"ఆ పిల్లే తీసుకుంటుంది."

"పక్కన ఎవరూ ఉండరా? వాళ్లమ్మైనా?"

"వాళ్లమ్మ వాళ్ల దేశంలో ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ పిల్ల ఒంటరిగానే ఊళ్లు తిరుగుతుందట."

నా భార్య నా మొహంలోకి చూసింది, నేనేదో దాస్తున్నానన్నట్టు.

"రోజూ ఒక్కతే లేచి తలుపు తియ్యాలా?" అంది.