కనపడిందాప్పా?

ఆ గైడు గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నంద్యాల నుంచి ఒక్కరోజు టూరని వ్యానులో గుహలు చూడ్డానికి పోయినప్పుడు మాకు తగులుకున్నాడు. చేతిలో టార్చి, నోట్లో ఒకటే మాట: "కనపడిందాప్పా?"

నీళ్లు కారి కారి ఏర్పడిన రాళ్లవి. వాటిని రాళ్లుగా చూడనిస్తే ఆయన గైడెట్లయితాడు? ఒకదాని మీద టార్చి వేసి ఏనుగన్నాడు. దానికి తొండమే లేదు. ఇంకోదాని మీద వేసి శివుడి జడలనంగానే ఆళ్లగడ్డ శెట్టిగారొకాయన చెప్పులు విడిచి దండం పెట్టినాడు. అందరూ కనపడిందనేదాకా అడుగు కదలనిచ్చేవాడు కాదు.

దొర్నిపాడు నుంచి వచ్చిన టీచరమ్మ మాత్రం, "నాకు రాయే కనపడతాందన్నా," అనింది.

"సరిగ్గా చూడమ్మా. అందరికీ కనపడింది, నీకేందీ?" అని గద్దించినాడు.

ఉక్కకు బట్టలు తడిసి ఒంటికి అతుక్కున్న మేమందరం ఆమె వైపే కోపంగా చూసినాం. ఆమె కూడా కనపడిందనేసింది.

ఇంకొంచెం లోపలికి పోయినాక కరెంటు పోయింది. ఆయన టార్చి అప్పటికే మిణుకుమంటాంది, అదీ ఆరిపోయింది. కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. టార్చిని అరచేతికేసి కొట్టుకుంటానే ఆయన పాఠం మాత్రం ఆపలేదు.

"ఈడ చూడండి, పడగెత్తిన నాగుపాము. కనపడిందాప్పా?"

"కనపడింది," అన్నాం అందరం. టీచరమ్మ గొంతే అందరికన్నా ముందు వినిపించింది.