గెట్టు మీద పిలిచిన పేరు

నా చిన్నప్పుడు బడిలో సారు హాజరు పిలవడం మొదలుపెట్టాడంటే నేను పలక వెనక మొహం దాచుకునేదాన్ని. మా ఇంటిపేరు గొర్రె. రుద్రూర్ బడిలో సారు నోట ఆ మాట రావడమే ఆలస్యం, వెనక బెంచీ నుంచి ‘మే...’ అని ఒక అరుపు, దాని వెంబడి తరగతంతా నవ్వు. నేను పలికిన ‘హాజర్’ ఆ నవ్వులో ఎవరికీ వినబడేది కాదు. ఇంటికొచ్చి ఏడిస్తే మా బాపు తీసిపారేసేవాడు. ఆయనకేం, ఆయన బడి మొహం చూసిన మనిషి కాదు.

అట్లాంటి రోజుల్లో మా అన్నకు మొదటి బిడ్డ, ఆడపిల్ల పుట్టింది. మా దిక్కు బిడ్డకు పేరు పెట్టే హక్కు మేనత్తది. క్రైస్తవులమైనా ఆ ఆచారాన్ని మేము వదల్లేదు. చర్చిలో బాప్తిస్మం నాడు బిడ్డను ఎత్తుకొని, పాస్టరయ్య అడిగినప్పుడు పేరు చెప్పాల్సింది మేనత్తే. మా అన్నకు ఉన్న ఒక్క చెల్లెల్ని నేను. పదేళ్లైనా నిండలేదు, కొత్త గౌను కుట్టించారు, ఇంట్లో ఎక్కడ లేని మర్యాద. నాకు మాత్రం అన్నం సయించడం మానేసింది.

ఎందుకంటే నేను ఏ పేరు పెట్టినా దాని ముందు గొర్రె వచ్చి నిలబడుతుంది. రోజీ బాగుంది, గొర్రె రోజీ బాగాలేదు. స్టెల్లా బాగుంది, గొర్రె స్టెల్లా అంటే వెనక బెంచీకి పండగే. దుప్పట్లో దూరి ఎన్ని పేర్లు గొణుక్కున్నానో! మూతికి పాలు అంటుకొని నిద్రపోతున్న ఆ పసిదాన్ని చూస్తే, అదే బడిలో, అదే బెంచీ మీద తల దించుకొని కూర్చున్నట్టే కనబడేది. దాని గతి నా నోట్లో ఉందని భయం. “ఏం పేరు వెడ్తున్నవ్ పిల్లా?” అని మా వదిన పొద్దుమాపు అడుగుతుంటే కోపం కూడా వచ్చేది.

ఇదంతా మా అవ్వ కనిపెట్టింది. మా బాపును కన్నతల్లి ఆమె. మాట తక్కువ, పని ఎక్కువ. ఆదివారం బాప్తిస్మం అనగా శనివారం పొద్దు వాలేవేళ నన్ను వెంటబెట్టుకొని మా చెరుకు తోటకు పోయింది. చెరుకు అప్పటికి మనిషిని ముంచే ఎత్తుంది. నన్ను గెట్టు మీద నిలబెట్టి, “పేరంటె నోట్లె సప్పరిచ్చుకుంట కూసునేది గాదు, పిలిచేది. నేను సెర్కుల వడి లోపలికి వోత. నువ్వు ఇంటిపేరుతోని కలిపి గట్టిగ పిల్వు. నాకు మంచిగ ఇనబడ్తె పలుకుత” అంది. కొడవలి పట్టుకొని చెరుకులోకి దూరింది. రెండడుగులు వేసిందో లేదో, ఇక కనబడలేదు.

నేను చుట్టూ చూశాను. పక్కనే పసుపు చేనులో ఒక పెద్దయ్య, ఆయన భార్య కలుపు తీస్తున్నారు. వాళ్లు హిందువులు, మాకు గెట్టు పొత్తు, రెండు చేన్లకూ నడుమ ఒకటే గట్టు. అవతల బాటలో బండి మనిషి ఎడ్లను విప్పుతున్నాడు. ఇంతమంది వింటుండగా గొర్రె అనడానికి నాకు నోరు రాలేదు. “రోజీ!” అన్నాను. పలుకు లేదు. “స్టెల్లా!” అన్నాను. చెరుకాకు గలగలలాడింది తప్ప అవ్వ పలకలేదు. ఇంటిపేరు మింగేశానని ఆమెకు తెలిసిపోయిందని నాకూ తెలుసు. అయినా మొండికేశాను.

పొద్దు గూకుతోంది. చెరుకులో ఏదో కదిలిన చప్పుడైంది. అంతకు ముందే ఆ పక్క తోటలో అడవి పంది ఒక కూలీమనిషి తొడ చీల్చింది. నాకు అది గుర్తుకొచ్చింది. “అవ్వా!” అని అరిచాను. లేదు. మళ్లీ అరిచాను. ఏడుపొచ్చింది. అవ్వకు ఏమైనా అయితే ఇంటికి పోయి ఏం చెప్పను? పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవకూడదన్నది మరిచిపోయాను, సిగ్గు మరిచిపోయాను. గొంతు చించుకొని, “గొర్రె మార్తమ్మా!” అని కేక పెట్టాను.

“ఓ!” అని అవ్వ పలికింది. కానీ ఆమె బయటికి రాకముందే పసుపు చేను పెద్దయ్య చేతిలో పారతోనే గెట్టు దూకాడు. వెనకే ఆయన భార్య. బండి మనిషి ఎడ్లను వదిలేసి ఉరికొచ్చాడు. “గొర్రోల్ల మార్తవ్వకు ఏమైంది బిడ్డా? పామేమన్న ముట్టిందా?” అని రొప్పుతూ అడిగాడు పెద్దయ్య. మా ఇంటిపేరు ఆయన నోట విన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ ముఖాల్లో కంగారు తప్ప మరేమీ లేదు.

అవ్వ నెత్తి మీద చెరుకాకుతో మెల్లగా బయటికొచ్చింది. నాలుగు సాళ్ల అవతలే కూర్చొని నన్ను చూస్తూ ఉందట! పెద్దయ్య ఆమెను బాగా కోప్పడ్డాడు. “ఇప్పుడే గద నన్ను పిలిచింది” అంది ఆమె, ఏమీ ఎరగనట్టు. ఇంటికి నడుస్తున్నప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకొని, “రోజీ అంటె ఎవ్వలన్న ఉరికొచ్చిండ్రా?” అని అడిగింది.

మర్నాడు చర్చిలో బిడ్డను ఎత్తుకొని నిలబడ్డాను. పాస్టరయ్య అడగగానే, “గొర్రె మార్త” అని గోడలు మోగేటట్టు చెప్పాను. వెనక వరసలో ఒకడు ‘మే...’ అన్నాడు, వాడి తల్లి వీపు మీద ఒక్కటిచ్చింది. మా వదినకు నా మీద చాలా రోజులు కోపం ఉండింది. ముసలత్త పేరు కోడలు నోటితో పలకరాదు, మరి బిడ్డను తిట్టేదెట్లా? అవ్వ బతికున్నన్నాళ్లూ మా వదిన ఆ పసిదాన్ని ‘ఓ అవ్వా’ అనే పిలిచింది పాపం.

తర్వాత నిజామాబాద్‌లో పెళ్లై నా ఇంటిపేరు మారింది. చిన్నప్పుడు మోకాళ్ల మీద పడి అడుక్కున్న వరమే అది, ఎవరూ నవ్వని ఇంటిపేరు. మొన్న మా అన్న మనవడికి కొడుకు పుట్టాడు. పేరు నప్పడం లేదు, ఇంటిపేరును ‘జి’ అని ఒక్క అక్షరం చేసేద్దామా అని ఫోన్‌లో అడిగారు. నేను డాబా ఎక్కి, వాళ్లనుకున్న ఒక్కో పేరునూ గొర్రెతో కలిపి గట్టిగా పిలిచి చూశాను. కిందింటివాళ్లు ఏమనుకున్నారో ఏమో.

ఇప్పటికీ దవాఖానలో బల్ల మీద కూర్చున్నప్పుడు, నర్సమ్మ చీటీ చూసి ‘గొర్రె’ అని ఎవరినైనా పిలిస్తే, ఆ మనిషి లేవకముందే నేను లేచి నిలబడతాను. ఏమైంది బిడ్డా అన్న మాట నా నోటి దాకా వచ్చేసి ఉంటుంది.