బర్మా పిన్ని చెప్పని పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా తొందరగా అరిగిపోయినవి మా తాతయ్య చెప్పులు. మామిడి వ్యాపారం కదా, తోటల్లో తిరిగి తిరిగి అరిగాయని నూజివీడులో అందరూ అనుకునేవారు. నిజానికి తోటలకు ఆయన ఎడ్లబండిలో పడుకుని వెళ్లేవాడు. చెప్పులు అరిగింది ఆఫీసుల వరండాల్లో. నేను చెప్పబోయే ఆ వేసవిలో ఆయన తిరిగింది మా గుమాస్తా భార్య కోసం.

గుమాస్తా మాకు చుట్టం కాదు. కుర్రతనంలో రంగూన్ వెళ్లి అక్కడి బియ్యం మిల్లులో పని చేసేవాడు. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు అందరితో పాటు అడవుల వెంట నడిచి వచ్చేశాడు. వెళ్లేటప్పుడు ట్రంకుపెట్టెతో వెళ్లాడు. వచ్చేటప్పుడు పెట్టె లేదు. పక్కన ఒక బర్మా అమ్మాయి ఉంది, ఆమె చంకలో ఒక పిల్ల ఉంది. తాతయ్య వాళ్లకి పెరట్లో ఒక గది ఇచ్చాడు. తర్వాత ఒక కొడుకు పుట్టాడు. వీధిలో పిల్లలందరికీ ఆమె బర్మా పిన్ని అయింది. పెద్దవాళ్లకి మాత్రం ఏ వరసా కాలేదు. పేరంటాలకు ఆమెను ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు.

ఆ గది పక్కనే గడ్డి పరిచి రసాలు మాగవేసే పాక ఉండేది. వేసవంతా పిన్ని అక్కడే. తొడిమ దగ్గర వాసన చూసి, ఈ రోజు బుట్టకెక్కే కాయల్ని ఒక పక్కకీ, ఇంకా ఆగాల్సినవాటిని మరో పక్కకీ చేరవేసేది. బుట్టలు నిండితే పాక గుమ్మంలోకి వచ్చి, వీధిలో బండి దగ్గరున్న మొగుణ్ణి పేరు పెట్టి కేకేసేది. వాళ్ల దేశంలో అది తప్పు కాదట. మా వీధిలో అది భూకంపం. ఎదురింటి మామ్మగారు ఆ కేక వినపడగానే రెండు చెవులూ మూసుకునేవారు. ఇంకో కేక వస్తుందేమోనని వెంటనే కొంచెం తెరిచేవారు కూడా. "మొగుడి పేరు నోటితో అనే ఆడది పెళ్లామెలా అవుతుందే?" అని మా నాయనమ్మతో రోజూ అనేవారు. నాయనమ్మ ఆ మాట వింటూ చింతపండు గింజలు తీసుకునేది.

ఇంతలో మనకు స్వాతంత్ర్యం వచ్చింది. కొన్ని నెలలకు బర్మాకూ వచ్చింది. రెండు దేశాలూ సంబరాలు చేసుకున్నాయి, మధ్యలో మా పిన్ని ఇరుక్కుంది. ఆమె పరదేశి అనీ, ఏ అనుమతీ లేకుండా ఉంటోందనీ, ఫలానావాడి భార్య అని రుజువు లేకపోతే ఓడెక్కించి పంపేస్తారనీ తాఖీదు వచ్చింది. పిల్లలు తండ్రి బిడ్డలు కాబట్టి వాళ్లు ఉండవచ్చట. "ఎంత ధర్మంగా పంచారో" అన్నాడు తాతయ్య, కండువాతో మొహం తుడుచుకుంటూ.

వాళ్ల పెళ్లికి రుజువు లేదు. పిన్ని వైపు పెళ్లంటే నలుగురికీ తెలిసేలా ఒక ఇంట్లో వండుకుని తినడమేనట. పందిరి లేదు, పురోహితుడు లేడు, శుభలేఖ అసలే లేదు. ఈ సంగతి తాతయ్య ఒక్కో ఆఫీసులో ఒక్కోసారి మొదటినుంచి చెప్పుకొచ్చేవాడు. విన్నవాళ్లు అంతా విని "రేపు రండి" అనేవారు. చివరికి ఎవరో దయతలిచి, అధికారి స్వయంగా వచ్చి విచారిస్తాడనీ, ఆమె సరిగ్గా జవాబులు చెప్పి, వీధివాళ్లు అవునంటే ఉండనిస్తారనీ చెప్పారు.

ఇక మా ఇంట్లో పరీక్షలు మొదలయ్యాయి. సాయంత్రం అరుగు మీద తాతయ్య అధికారి అయ్యేవాడు. "నీ భర్త పేరేంటమ్మా?" పిన్ని ఇంటిపేరుతో సహా గడగడా చెప్పేది. నాకు ఆ రోజుల్లోనే నోరు ఎక్కువ. ఎవరు అలిగినా, ఎవరు కన్నీళ్లు పెట్టుకున్నా ఒక మాట అనేసి గాలి తీసేసేదాన్ని. "ఇంకాస్త గట్టిగా చెప్పు పిన్నీ, బండి దాకా వినపడాలిగా" అన్నాను. నాయనమ్మ నా నెత్తిన మొట్టింది. పిన్ని నవ్వలేదు. నా వైపు చాలాసేపు చూసి, లోపలికి వెళ్లిపోయింది.

అధికారి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఆయనా అలిసిపోయే ఉన్నాడు. మజ్జిగ తాగి, మరోసారి పోయించుకుని తాగి, అప్పుడు కాగితాలు తీశాడు. వీధంతా అరుగు చుట్టూ చేరింది. గుమాస్తా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఊరు అడిగారు, పిన్ని చెప్పింది. పిల్లల పేర్లు అడిగారు, చెప్పింది. "భర్త పేరు?" అన్నాడాయన.

పిన్ని కొంగు తల మీదికి లాక్కుని, తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల రాయడం మొదలుపెట్టింది.

ఆయన మళ్లీ అడిగాడు. బొటనవేలు కదులుతూనే ఉంది. అన్ని సాయంత్రాల చదువు ఆ ఒక్క ప్రశ్న దగ్గర మట్టిలో కలిసిపోయిందనుకున్నాం.

"అడిగింది తెలియట్లేదా? ఈమెకు తెలుగు రాదాండీ?" అన్నాడు అధికారి విసుగ్గా.

తలుపు వెనక నుంచి మా నాయనమ్మ గొంతు వినపడింది. "తెలుగు వచ్చింది కాబట్టే చెప్పట్లేదు బాబూ. మీ ఇంట్లో ఆవిడ చెబుతుందేంటి మీ పేరు?"

ఆయన కలం ఆగింది. ఇంట్లో ఆవిడ గుర్తొచ్చి ఉంటుంది, మొహం కాస్త మెత్తబడింది. కానీ ఉద్యోగం ఉద్యోగమే. వీధివాళ్ల వైపు తిరిగి, అందరికన్నా ముందు నిలబడ్డ ఎదురింటి మామ్మగారిని అడిగాడు. "ఈవిడ ఎప్పుడూ ఇంతేనాండీ?"

నా నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. నా జన్మలో అంతకన్నా మంచి హాస్యం నాకు మళ్లీ తట్టలేదు. ఒక్క మాట అంటే ఆ నాటకమంతా అక్కడికక్కడే పగిలిపోయేది, అందరూ నవ్వేవారు కూడా. పిన్ని కొంగు కిందనుంచి కూతురి చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పిల్ల వేళ్లు తెల్లగా అయిపోయాయి. నేను నోరు మూసుకున్నాను.

మామ్మగారు పైట సర్దుకున్నారు. "ఆ పేరు ఆవిడ నోట మేం విని ఎరగమండీ" అన్నారు. గొంతులో చిన్న వణుకు కూడా లేదు.

అధికారి రాసుకున్నాడు. పేరేదో పిన్ని కొడుకుని అడిగి పూర్తి చేసుకున్నాడు.

ఆయన బండి మలుపు తిరిగాక తాతయ్య అరుగు మీద కూలబడ్డాడు. "అన్ని రోజులు చెప్పిస్తే బాగానే చెప్పావు కదమ్మా" అన్నాడు. పిన్ని కొంగు దించుకుంది. "పేరు ఊళ్లో అందరూ చెబుతారు బాబుగారూ. చెప్పనిది పెళ్లామొక్కతేగా" అంది. అని, పాకలోకి వెళ్లి గడ్డి మీద పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయింది. కాయలు మాగిపోతున్నా ఎవరూ లేపలేదు.

అనుమతి వచ్చింది, ఒక్క ఏడాదికి. మరుసటి వేసవికి ఇంకో అధికారి, ఇంకో మజ్జిగ, మళ్లీ కొంగు. కొన్నేళ్లకు శాశ్వతంగా ఉండవచ్చని తేలినప్పుడు ఎవరూ ఎగిరి గంతెయ్యలేదు. అందరికీ ఓపిక అయిపోయింది. మామ్మగారు మాత్రం ఆ శుక్రవారం కుంకుమభరిణె పట్టుకుని మా పెరట్లోకి వచ్చి, పిన్నికి బొట్టు పెట్టి పేరంటానికి పిలిచారు.

మొదటి విచారణ మర్నాడే నేను ఉండబట్టలేక మామ్మగారిని అడిగాను, అబద్ధం చెప్పారు కదా అని.

"నువ్వు విన్నావుటే ఆ కేకలు?" అన్నారు.

"రోజూ విన్నాను."

"మరి నిన్న అన్నావా?"

"లేదు."

"అయితే నువ్వూ చెప్పినట్టే. పో, ఆడుకో."

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. నోరు మాత్రం తగ్గలేదు. ఇంట్లో ఎవరైనా పెద్ద గొంతుతో బాధపడుతుంటే ఇప్పటికీ ఒక చురక వేసే కదులుతాను. కానీ బల్లకు అటువైపు ఒకరు రాసుకుంటూ, ఇటువైపు ఒకరు తామెవరో చెప్పుకుంటూ నిలబడ్డ చోట, అది బ్యాంకైనా రేషను ఆఫీసైనా, నాకు తట్టిన మాట నోట్లోనే ఉండిపోతుంది. ఆ రాసుకునేవాళ్లు అటూ ఇటూ చూసి, ఈ మనిషి మీకు తెలుసా అండీ అని నన్ను అడుగుతుంటారు. తెలుసండీ అంటాను. చాలాసార్లు నిజంగానే తెలిసి ఉంటుంది.